మెరిసే గమ్ షీల్డ్: రగ్బీ కుర్రాళ్ళకు అవసరమా?

పైకి మామూలు గమ్ షీల్డే, అంటే ఆటలో పళ్ళకు తొడుక్కునే రక్షణ కవచం. లోపల మాత్రం పల్చటి సర్క్యూట్, తల ఎంత జోరుగా అదిరిందో, ఎంత వేగంగా తిరిగిందో కొలిచే సెన్సర్లు, బుల్లి బ్యాటరీ, బ్లూటూత్ ఉంటాయి. ప్రివెంట్ బయోమెట్రిక్స్ కంపెనీ తయారీ. 2024 జనవరి నుంచి రగ్బీ ప్రపంచ సంస్థ వరల్డ్ రగ్బీ దీన్ని పెద్ద స్థాయి మ్యాచుల్లో హెచ్‌ఐఏ అనే తలదెబ్బ పరీక్షకు జత చేసింది. తల అదురుకు ఒక హద్దు పెట్టారు; అది పురుషులకు ఎక్కువ, మహిళలకు తక్కువ. అది దాటితే మైదానం పక్కనున్న డాక్టరుకు సందేశం వెళ్తుంది, ఆటగాణ్ని బయటికి పిలిచి 12 నిమిషాల్లో పరీక్షిస్తారు.

కొత్తగా కాంట్రాక్టు దొరికినవాడు గమనించాల్సింది ఇక్కడే. ఇది పెట్టుకోనివాడికి ఆ 12 నిమిషాల పరీక్షే ఉండదు. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, ఆ మ్యాచులో మళ్ళీ దిగనివ్వరు. "నోట్లో ఇబ్బందిగా ఉంది" అని పక్కన పడేయడం సీనియర్‌కు చెల్లొచ్చేమో గానీ, జట్టులో చోటు కోసం కాచుకున్న కుర్రాడికి చెల్లదు.

నోటికి సరిగ్గా అమరకపోతే మాత్రం దండగ. పై పళ్ళను గట్టిగా పట్టుకోవాలి, నాలుకతో తోసినా జారకూడదు. వదులైతే తల కదలికతో పాటు తన కదలికనూ లెక్కేసి లేని దెబ్బను చూపిస్తుంది. నమిలే అలవాటుంటే సెన్సర్ పాడవుతుంది. జ్ఞానదంతాలు వచ్చినా, బ్రేసులు తీయించినా అచ్చు మళ్ళీ తీయించుకోవాల్సిందే.

2025 మహిళల ప్రపంచ కప్‌లో దీనికి ఎర్ర లైటు చేర్చారు. హద్దు దాటగానే నోట్లోనే మెరుస్తుంది కాబట్టి రిఫరీకి అక్కడికక్కడే తెలుస్తుంది. సందేశం చేరి, ఆటగాణ్ని బయటికి పిలిచేలోపు ఇంకో టాకిల్ (ఎదుటివాడు పట్టి పడేయడం) పడే ముప్పు తగ్గింది. అన్నిటికన్నా మెచ్చుకోదగ్గ మార్పు ఇదే. అయితే లైటు వెలగలేదంటే కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) లేదని కాదు. ఇది దెబ్బను కొలుస్తుంది, ఆపదు.

2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్ వచ్చింది, అందులో హైదరాబాద్ హీరోస్ కూడా ఆడింది. దాన్ని చూసి ఆటలోకి దిగే మన కుర్రాళ్ళకు దీన్ని కొనమని చెప్పలేం. సందేశం అందుకునే డాక్టరు లేని చోట అది ఖరీదైన ప్లాస్టిక్ ముక్కే. ఆ డబ్బుతో డెంటిస్టు దగ్గర పళ్ళ అచ్చు ఇచ్చి ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్ షీట్‌తో మామూలు గమ్ షీల్డ్, అంటే గార్డు, చేయించుకోవడం మేలు. న్యూజిలాండ్‌లో గార్డు తప్పనిసరి చేశాక, 1995తో పోలిస్తే 2003 నాటికి రగ్బీలో పళ్ళ దెబ్బల బీమా క్లెయిములు 43 శాతం తగ్గాయి. అవన్నీ సెన్సర్ లేని మామూలు గార్డులే.

అదీ కుదరకపోతే వేడినీళ్ళలో ముంచి కొరికే రకం తీసుకోండి. ప్యాకెట్ మీద రాసినంతసేపే ముంచాలి, ఎక్కువైతే ముద్దయిపోతుంది. మెల్లగా కొరికి, బుగ్గలూ పెదవీ బయటి నుంచి వేళ్ళతో నొక్కి, లోపలికి గాలి పీల్చి, చన్నీళ్ళలో వేయాలి. చాలామంది బలమంతా పెట్టి కొరుకుతారు. అప్పుడు దవడపళ్ళ కింద కాగితంలా పల్చబడుతుంది, ఆ గార్డు పనికిరాదు. ఆడాక చన్నీళ్ళతోనే కడగాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే వంకరపోతుంది.