కొత్త నర్సుకు నేరుగా ఐసీయూనా, ముందు వార్డా?

నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ అయిపోయి, రిజిస్ట్రేషన్ చేతికొచ్చాక చాలామందికి వచ్చే సందేహం ఇది.

పేషెంట్లు: ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న ఒక్కొక్కరికి ఒక నర్సు ఉండాలి. ఆచరణలో ఇద్దరిని చూడాల్సి రావచ్చు. వార్డులో అంతకు ఎన్నో రెట్లు.

పని: ఐసీయూలో ఏబీజీ (రక్తంలో ఆక్సిజన్, ఆమ్లత చూపే పరీక్ష) రిపోర్టు చదవడం, సక్షన్ (శ్వాసమార్గంలోని కఫం లాగేయడం), ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టే సన్నని గొట్టం), నోరాడ్రినలిన్ (బీపీ పెంచే మందు) పంపు. వార్డులో ఏ పని ముందో తేల్చుకోవడం, బంధువులతో మాట్లాడటం. ఇంకొకటి, దీన్ని తక్కువగా చూడొద్దు: మానిటర్ లేకుండానే పేషెంటు దిగజారుతున్నాడని పసిగట్టడం. బీపీ పడిపోకముందే శ్వాస వేగం పెరుగుతుంది. దాన్ని లెక్కపెట్టే అలవాటు వార్డులోనే పడుతుంది.

రిస్క్: ఐసీయూలో పంపు రేటులో దశాంశ బిందువు తప్పితే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. వార్డులో టెన్షన్ వేరు, హడావుడిలో ఏదో ఒకటి మర్చిపోతాం.

ఖర్చు: ఐసీయూకైతే బీఎల్‌ఎస్ (సీపీఆర్ లాంటి ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ)తో పాటు ఏసీఎల్‌ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అడ్వాన్స్‌డ్ చికిత్సలో శిక్షణ) కూడా అడగొచ్చు. ఈ శిక్షణలకు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే కార్డు గడువు రెండేళ్లే. వార్డులో చేరేవాళ్లు ఏసీఎల్‌ఎస్‌కు ఇప్పుడే డబ్బు పెట్టక్కర్లేదు.

పై చదువు: క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకు కనీసం ఏడాది క్లినికల్ అనుభవం కావాలి. ఐసీయూ అనుభవమైతే మొగ్గు.

కొన్ని వారాలు సీనియర్ పక్కనుండి నేర్పుతామంటే నేరుగా ఐసీయూలో చేరండి. మొదటి వారంలోనే ఒంటరిగా నైట్ డ్యూటీ అంటే, ఏడాది వార్డే మేలు. బాండు పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే మాత్రం రెండూ వద్దు.