పాత ప్లే కన్సోల్ అకౌంట్ అమ్ముతామంటే కొనకండి

"2023కి ముందు తెరిచిన ప్లే కన్సోల్ అకౌంట్, టెస్టింగ్ అక్కర్లేదు, ఈరోజే యాప్ లైవ్" అంటూ టెలిగ్రాం గ్రూపుల్లో తిరిగే బేరాల జోలికి పోకండి. (ప్లే కన్సోల్ అంటే గూగుల్ ప్లే స్టోర్‌లో యాప్‌లు పెట్టడానికి డెవలపర్లు వాడే సైట్.) డబ్బు పోవడం ఇందులో చిన్న నష్టం.

ఈ సరుకుకి గిరాకీ ఊరికే రాలేదు. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్లయితే, యాప్‌ను అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మంది టెస్టర్లతో 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్, అంటే మీరు ఎంచుకున్నవాళ్ళు మాత్రమే యాప్ వాడి చూసే పరీక్ష, జరపాలి. మొదట్లో 20 మంది కావాలన్నారు, 2024 డిసెంబర్‌లో 12కి తగ్గించారు. పాత అకౌంట్లకూ, సంస్థ పేరిట తెరిచినవాటికీ ఈ గొడవ లేదు. గూగుల్‌కి కట్టే రిజిస్ట్రేషన్ ఫీజు ఒక్కసారి 25 డాలర్లు. వీళ్ళు అడిగేది దానికి ఎన్నో రెట్లు.

మరి చేతికొచ్చేదేమిటి? కొందరు మీ జీమెయిల్‌ను అడ్మిన్‌గా చేర్చి ఊరుకుంటారు. ఓనర్ ఇంకా అమ్మినవాడే, ఎప్పుడు కావాలంటే అప్పుడు మిమ్మల్ని తీసేస్తాడు. ఇంకొందరు జీమెయిల్, పాస్‌వర్డ్ కూడా ఇచ్చేస్తారు. మీరు రికవరీ నంబర్ మార్చుకుని నిశ్చింతగా పడుకుంటారు. కానీ నంబర్ మార్చిన 7 రోజుల వరకు పాత నంబర్‌తోనూ రికవరీకి గూగుల్ అవకాశం ఇస్తుంది. హ్యాకింగ్ బాధితుల కోసం పెట్టిన ఆ వెసులుబాటే ఇక్కడ అమ్మినవాడికి తాళంచెవి.

అమ్మినవాడు నిజాయితీపరుడే అనుకుందాం. అకౌంటులోని పేరు, గుర్తింపు పత్రం, పేమెంట్స్ ప్రొఫైల్ (గూగుల్‌తో డబ్బు లావాదేవీల వివరాలు) అన్నీ అతనివే. ప్రొఫైల్‌లో దేశం మార్చడం కుదరదు. రేపు గూగుల్ మళ్ళీ గుర్తింపు అడిగితే ఎవరి కార్డు పెడతారు?

అసలు దెబ్బ ఇక్కడుంది. ఒక అకౌంట్ రద్దయితే దానికి సంబంధం ఉన్న అకౌంట్లన్నిటినీ గూగుల్ మూసేస్తుంది, తర్వాత తెరిచేవాటిని కూడా. ఫీజు తిరిగి రాదు. ఏ ఆధారాలతో సంబంధం కలుపుతుందో పూర్తిగా బయటపెట్టదు. ఆ అకౌంటులో గతంలో ఎవరు ఏ చెత్త యాప్ ఎక్కించారో మీకు తెలియదు. వాళ్ళ పాపం మీ సొంత అకౌంటుకి చుట్టుకుంటుంది. మీ యాప్ ప్యాకేజీ పేరు, అంటే ప్లే స్టోర్ ఆ యాప్‌ను గుర్తుపట్టే మార్చలేని ఐడీ, కూడా పోతుంది. కొత్త పేరుతో పెడితే అది కొత్త యాపే: రేటింగులు సున్నా, పాత యూజర్లు మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

సొంత అకౌంటులో టెస్టింగ్ అంత కష్టమేమీ కాదు, తెలియక తప్పులు చేస్తారు, అంతే. ఇంటర్నల్ టెస్టింగ్ లెక్కలోకి రాదు, క్లోజ్డ్ ట్రాక్‌లోనే పెట్టాలి. లింకు పంపితే చాలదు, టెస్టర్ ఆ లింకులో ఒప్పుకుంటేనే లెక్క. 12 మందీ వరుసగా 14 రోజులు ఉండాలి కాబట్టి మధ్యలో ఇద్దరు జారుకున్నా ఇబ్బంది లేకుండా 16, 17 మందిని చేర్చుకోండి. ఏ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చూసినా అంతమంది దొరుకుతారు. (అమెరికాలో ఐఫోన్ పట్టుకున్న బావగారు మాత్రం పనికిరారు, ఆండ్రాయిడ్ ఫోన్ కావాలి.) తర్వాత ప్రొడక్షన్ యాక్సెస్ (యాప్‌ను అందరికీ విడుదల చేసే అనుమతి) దరఖాస్తులో టెస్టర్లు ఏం చెప్పారు, మీరేం మార్చారు అని అడుగుతారు. రోజూ వచ్చిన ఫిర్యాదులను ఒక నోట్‌లో రాసుకుంటే అక్కడ తడుముకోనక్కర్లేదు.

డబ్బులిచ్చి టెస్టర్లను తెచ్చుకోవడమూ దండగే. వాళ్ళు ఒప్పుకుంటారు కానీ యాప్ తెరవరు. సరిగా వాడలేదని తోస్తే టెస్టింగ్ ఇంకా కొనసాగించమని దరఖాస్తు వెనక్కి వస్తుంది.

ఇప్పటికే పాత అకౌంట్ కొనేసినవాళ్ళు మీ అసలు జీమెయిల్ వాడే బ్రౌజర్‌లో దాన్ని తెరవకండి. యాప్ ఇంకా ఎక్కించకపోతే అక్కడితో ఆగిపోండి. ఆ ప్యాకేజీ పేరుతో అక్కడ ఒకసారి ఎక్కించాక అదే పేరును మీ సొంత అకౌంటులో కొత్తగా పెట్టనివ్వరు.