మంచుకొండ మీదికి జనాన్ని చేర్చడానికి ఏది మేలు: బి-12 లేక స్నో-క్యాట్?

స్కీ విడిదికి పోయే దారిలో నిలువెత్తు మంచు పేరుకున్నప్పుడు మామూలు బస్సు నాలుగు గజాలైనా కదలదు. దాని బరువంతా టైర్లు నేలను తాకే కాస్త చోటు మీదే పడి అది కూరుకుపోతుంది. అదే బరువును పొడవాటి గొలుసుపట్టా మీద పరిస్తే బండి మంచు మీద నిలుస్తుంది. తడి ఆరని వరిచేలో టైర్ల కోత మిషను బదులు చైను కోత మిషనును దింపే గోదావరి జిల్లాల రైతుకు ఈ సూత్రం కొత్త కాదు. అయితే పట్టా ఒక్కటే చాలదు. బండి మలుపు ఎలా తిరుగుతుందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న, బి-12, స్నో-క్యాట్ అనే ఈ రెండు మంచుబండ్లకూ తేడా వచ్చింది అక్కడే.

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం, వాల్‌కోర్ట్‌కు చెందిన మెకానిక్ జోసెఫ్-అర్మాండ్ బాంబార్డియర్ 1934 చలికాలంలో రెండేళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. మంచుతో దారులు మూసుకుపోయి బిడ్డను ఆసుపత్రికి చేర్చలేకపోయాడు. రబ్బరు పూసిన పళ్లచక్రంతో పట్టాను తిప్పే పద్ధతికి ఆయన 1937లో పేటెంటు పొంది, మొదట ఏడుగురు పట్టే బి-7ను, 1942లో పన్నెండుగురు పట్టే బి-12ను తయారుచేశాడు. ముందు మంచు మీద జారే పలకల్లాంటి రెండు స్కీలు, వెనక రెండు పట్టాలు, గుండ్రటి కిటికీలతో మూసిన గది. వైద్యుడు, టపా, బడిపిల్లలు అందరూ అందులోనే ప్రయాణించారు. చలిగాలి తగలకుండా ఎక్కువమందిని చదునైన దారిలో చేర్చడంలో దీనికి సాటి లేదు. కానీ దిక్కు మార్చే పని స్కీలదీ, తోసే పని పట్టాలదీ కావడం వల్ల, గడ్డకట్టిన ఏటవాలులో స్కీలకు పట్టు దొరకనప్పుడు ముందుభాగం పల్లానికి జారుతుంది.

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం, మెడ్‌ఫర్డ్‌లో ఎమిట్ టక్కర్ తయారుచేసిన స్నో-క్యాట్‌లలో పేరుపడ్డ రకానికి స్కీలు లేవు, నాలుగు మూలలా నాలుగు పట్టాలే. పడవలాంటి ఉక్కు పాంటూన్ చుట్టూ, నిచ్చెన మెట్లలా అడ్డకమ్ములున్న గొలుసు తిరుగుతుంది. మలుపులో ముందు జత ఒకవైపు, వెనక జత మరోవైపు తిరుగుతాయి. ఒక పట్టాను ఆపి రెండోదాన్ని నడిపే యుద్ధట్యాంకు మలుపులో సగం తోపు పోతుంది. ఇక్కడ నాలుగూ లాగుతూనే ఉంటాయి. ఎక్కుడు మధ్యలో మలుపు తీసుకునే చోట ఈ తేడా ప్రాణప్రదం. బ్రిటిష్ అన్వేషకుడు వివియన్ ఫుక్స్ బృందం 1957 నవంబరు 24న బయలుదేరి 99 రోజుల్లో అంటార్కిటికాను దాటింది ముఖ్యంగా ఈ బండ్లతోనే. ఆ యాత్రలో ఒక బండి లోతైన మంచు పగులుకు అడ్డంగా వేలాడితే, తోటి స్నో-క్యాట్‌లే దాన్ని లాగి బయటపడేశాయి. ఆ ఫొటో చూసినవారు మరచిపోలేరు. లోపమూ లేకపోలేదు: కదిలే ఉక్కు భాగాలు ఎక్కువ, మంచు కరిగిన రాతినేల మీద అవి అరిగిపోతాయి. తర్వాతి కాలంలో ఆ సంస్థే రబ్బరు పట్టాలకు మారింది.

ఆస్ట్రేలియాలోని షార్లెట్ పాస్ అనే స్కీ విడిదిని తీసుకుంటే ఈ పోలిక అసలు విలువ తెలుస్తుంది. 1994 జూన్ 29న ఆ దేశపు అతి తక్కువ ఉష్ణోగ్రత, మైనస్ 23 డిగ్రీలు, నమోదైన చోటు అది. దాని దగ్గరి మరో స్కీ విడిది పెరిషర్ వరకు 1987 నుంచి స్కీట్యూబ్ అనే కొండరైలు నడుస్తోంది. అక్కడి నుంచి సుమారు 8 కిలోమీటర్ల రోడ్డు చలికాలమంతా మంచు కిందే ఉంటుంది కనుక పట్టాల బండి తప్ప గతి లేదు. చదును చేసిన దారిలో, తెరిపి రోజున, పిల్లాపాపలతో వెళ్లేవారికి నేను బి-12 తరహానే మేలంటాను. గాలికి మంచు దిబ్బలు కట్టి దారి పక్కకు వాలిన రోజున మాత్రం స్నో-క్యాటే కావాలి. కొండ మీద బండిని ఎంచుకోవలసింది చెడ్డ రోజును చూసే కాబట్టి నా మొగ్గు దానివైపే.

ఈ రెంటి గుణాలూ కలిసినది 1980 నుంచి స్వీడన్‌లో హెగ్లుండ్స్ తయారుచేసిన బీవీ-206. ఒకదాని వెనక ఒకటిగా రెండు గదులు, 17 మందికి చోటు, నాలుగు రబ్బరు పట్టాలు. రెండు గదుల మధ్య కీలు వంగి బండి మలుపు తిరుగుతుంది, అప్పుడు కూడా నాలుగు పట్టాలూ లాగుతూనే ఉంటాయి.