చెట్టూ చేమా గీయడానికి క్రిటా ఎంతవరకు పనికివస్తుంది?

మనిషి బొమ్మను శ్రద్ధగా తీర్చిదిద్ది, వెనుక ఉన్న చెట్లను ఆకుపచ్చని మరకలుగా వదిలేయడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఈసారి కొబ్బరిచెట్లు, అరటితోట ఉన్న కాలువ గట్టునే చిత్రానికి ప్రధాన నేపథ్యంగా ఎంచుకొని, పనంతా క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో చేశాను. ఈ సమీక్ష ఆ పనికే పరిమితం.

క్రిటా ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్‌లలో నడుస్తుంది, ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లకూ ఉంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలోనో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనో డబ్బు పెట్టి కొంటే అది దాని అభివృద్ధికి తోడ్పడుతుంది.

ఆకులు, గడ్డి, దూరపు కొండలు ముద్రించే స్టాంప్ బ్రష్‌లు దానితో పాటే వస్తాయి. కొత్తవారు ముందుగా ఆకర్షితులయ్యేది వీటికే, నా దృష్టిలో అంతగా నమ్ముకోకూడనివీ ఇవే. ఆ ఆకులు ఏ చెట్టువో చెప్పలేము. కాలువ అవతలి పొదలకు సరిపోతాయి గాని, కంటికి దగ్గరగా ఉన్న చోట అదే ముద్ర పదేపదే పడితే చీర మీది అచ్చు పువ్వుల్లా కనిపిస్తుంది.

అసలు బలం బ్రష్ ఎడిటర్‌లో, అంటే బ్రష్‌లను మనకు కావలసినట్టు మార్చుకునే చోట, ఉంది. కొబ్బరి మట్టకు ఒక్క ఆకును మాత్రం తెల్లని కాన్వాస్‌పై నల్లగా, కొంచెం వాలుగా గీసి, దానినే బ్రష్ మొనగా మార్చుకున్నాను. రొటేషన్‌ను (ముద్ర తిరిగే కోణాన్ని) డ్రాయింగ్ యాంగిల్‌కు (గీత సాగే దిశకు) ముడిపెట్టి, ముద్రకూ ముద్రకూ మధ్య దూరం పెంచితే, పెన్ను వంపు తిరిగినచోటల్లా ఆకులూ తిరుగుతూ మట్టకు ఒక వైపు మొత్తం ఒకే గీతలో వస్తుంది. రెండో వైపుకు మిర్రర్ ఎంపిక చాలు. సైజును పెన్ను ఒత్తిడికి అప్పగించి చేతిని క్రమంగా తేలిక చేస్తే కొసకు వెళ్లేకొద్దీ ఆకులు చిన్నవవుతాయి. రంగు ఛాయకు ఫజీ డాబ్ (ముద్రముద్రకూ విలువను యాదృచ్ఛికంగా మార్చే ఎంపిక) పెడితే ఏ రెండు ఆకులూ ఒకే పచ్చగా ఉండవు. అయితే దాన్ని కొద్దిగానే ఉంచాలి, పెంచితే తోరణాల కాగితాల్లా తయారవుతుంది. ఎండి కిందికి వేలాడే ముదురు మట్టలను మాత్రం చేత్తోనే వేశాను.

అరటాకు దగ్గర ఏ బ్రష్షూ సాయపడలేదు. గాలికి అరటాకు అడ్డ ఈనెల వెంబడి నడి ఈనె దాకా చీలుతుంది. ఆ పేలికలు ఒక్కొక్కటి ఒక్కో వైపు ఒరిగి వెలుగును వేర్వేరుగా పట్టుకుంటాయి. వెనుక నుంచి ఎండ పడినవి పసుపుపచ్చగా మెరుస్తాయి, పక్కనే ఉన్నవి దాదాపు నీలిగా కనిపిస్తాయి. ఇక్కడ ఇన్‌హెరిట్ ఆల్ఫా అక్కరకు వచ్చింది. ఆకు ఆకారాన్ని కింది లేయర్‌లో (పొరలో) వేసి, ఈనెలనూ వెలుగునూ పై లేయర్లలో వేస్తే రంగు అంచు దాటదు. ఆ లేయర్లన్నీ ఒక గ్రూపులో ఉండాలన్నది మరవకూడదు. అదే వరుసలో అడుగున తెల్లని బ్యాక్‌గ్రౌండ్ లేయర్ ఉంటే ఈ ఎంపిక ఏమీ చేయనట్టే ఉంటుంది. నేను తెలియక అరగంట పోగొట్టుకున్నాను, తప్పు నాదే.

దూరాన్ని చూపడానికి అవతలి గట్టును వేరే గ్రూపుగా ఉంచి, దానిపై ఫిల్టర్ మాస్క్‌తో రంగు గాఢత తగ్గించి కొంచెం నీలివైపు జరిపాను. మాస్క్ కాబట్టి అసలు రంగులు చెడవు, ఎప్పుడైనా సరిదిద్దుకోవచ్చు. గడ్డి దుబ్బుల నమూనాకు ర్యాప్ అరౌండ్ విధానం (కాన్వాస్ ఒక అంచు దాటిన గీత ఎదుటి అంచు నుంచి కొనసాగేది) బాగా కుదిరింది.

ర్యామ్ విషయంలో ముందే లెక్క వేసుకోవడం మంచిది. 4000 × 6000 పిక్సెళ్ల కాన్వాస్‌లో 8 బిట్ రంగుతో పూర్తిగా నిండిన ఒక్క లేయరే సుమారు 96 మెగాబైట్లు పడుతుంది. ఒక్కో చెట్టుకు నాలుగేసి లేయర్లు పెట్టే నాలాంటివారు పూర్తయిన చెట్టును ఎప్పటికప్పుడు ఒకే లేయర్‌గా కలిపేసుకోవాలి. కలిపే ముందు ఫైలుకు ఒక నకలు దాచుకున్నాను. మట్ట బ్రష్‌నూ దాచుకున్నాను, మొన సన్నం చేస్తే ఈతచెట్టుకూ సరిపోయింది.