తీర రిసార్టా, అడవి అంచు లాడ్జా?

సముద్రమూ అడవీ రెండూ చూడాలనుకునే యాత్రలో బసను గది అందాన్ని బట్టి కాక, ఏ వేళకు ఎక్కడ ఉండాలన్నదాన్ని బట్టి ఎంచుకోవడం మేలు. వన్యప్రాణులు చాలావరకు తెల్లవారుజామున, మునిమాపు వేళ సంచరిస్తాయి కనుక, తీరంలో బస చేసి రెండు గంటలు ప్రయాణించి అడవికి చేరేవారికి ఆ సమయమంతా దారిలోనే గడిచిపోతుంది. అడవి అంచు లాడ్జిలో ఉన్నవారికి మాత్రం తడి మట్టిలో రాత్రి పడిన గిట్టల ముద్రలు ఎండకు చెదరకముందే కనబడతాయి. అయితే మారుమూల లాడ్జిలకు సోలార్ పలకలో జనరేటరో ఆధారం కావచ్చు. రాత్రంతా కరెంటు ఉంటుందా, ఆసుపత్రి ఎంత దూరం అన్నది ముందే అడగాలి.

తీర రిసార్టు చిన్నపిల్లలతో, వృద్ధులతో వెళ్లేవారికి సుఖం. కాని ‘బీచ్ పక్కనే’ అన్న ప్రకటనను నమ్మేముందు ఆటుపోట్ల వేళలు చూడాలి. చాలా తీరాల్లో పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరింత ఎగదన్ని, ఫొటోలో విశాలంగా కనిపించిన ఇసుక మునిగిపోనూవచ్చు. (ఆ ఫొటో ఆటు వేళ తీసినదై ఉండవచ్చు!) సముద్రం మీద మరీ మోజు ఉంటే తప్ప, ఒక్కచోటే ఉండాల్సివస్తే లాడ్జినే ఎంచుకోమంటాను, తీరానికి పగలు ఎప్పుడైనా వెళ్లిరావచ్చు.