పాత ఇటాలియన్ రాతి ఇంటి గోడకు ఏది మేలు: సిమెంటా, సున్నమా?

ఉంబ్రియాలోనో, తస్కనీలోనో, మార్కేలోనో కొండవాలున పాత రైతు ఇల్లు కొన్నవాళ్లు చాలా ప్రశ్నలు అడుగుతారు. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది ఇది: కింది అంతస్తు గోడలు నెమ్మెక్కి పెచ్చులూడుతున్నాయి, మేస్త్రీ సిమెంట్ పూత కొడదామంటున్నాడు, జెయోమెత్రా (ఇంటి నక్షాలు, అనుమతులు చూసే ఇటాలియన్ సర్వేయరు) సున్నమే వాడాలంటున్నాడు, ఎవరి మాట వినాలి?

ఇద్దరి దగ్గరా కారణాలున్నాయి. కానీ ఏది గట్టిది అన్న దగ్గర లెక్క మొదలుపెడితే జవాబు తప్పుతుంది. ఈ గోడల విషయంలో తేల్చాల్సింది ఒక్కటే: గోడలోకి వచ్చిన నీరు ఎటునుంచి బయటికి పోతుంది?

ఈ ఇళ్ల గోడ 50 నుంచి 70 సెం.మీ. మందం ఉంటుంది. బయట ఒక వరస రాయి, లోపల ఒక వరస రాయి, మధ్యలో రాతిముక్కలు, మట్టి, పేదరకం సున్నం కూరి ఉంటాయి. కింద చెమ్మను ఆపే పొర ఏదీ లేదు. నేలలోని నీరు సన్నని రంధ్రాల్లోంచి పైకి పాకుతుంది, మామూలుగా మీటరు, మీటరున్నర ఎత్తు దాకా. కింద నుంచి వచ్చే నీరు, పక్కల నుంచి ఆవిరయ్యే నీరు అక్కడ సరిసమానమవుతాయి. అంటే గోడ తడుస్తూనే ఉంటుంది, ఆరుతూనే ఉంటుంది. తరాలుగా అలాగే నిలబడింది.

దాని మీద రెండు సెంటీమీటర్ల సిమెంట్ పూత పడిందనుకోండి. ఆవిరికి సిమెంట్ పూత పెట్టే అడ్డు సున్నపు పూతకు సుమారు రెండు మూడింతలు. పైగా సున్నం లోపలి నీటిని పీల్చి పైపొరకు తెచ్చి ఆరబెడుతుంది, సిమెంట్ ఆ పని దాదాపు చేయదు. రెండు మూడేళ్లు గోడ పొడిగా, నున్నగా కనిపిస్తుంది. ఈలోగా ఆరే దారి లేని నీరు ఇంకా పైకి ఎక్కుతుంది, రెండు, రెండున్నర మీటర్ల దాకా. సరిగ్గా ఆ ఎత్తులోనే మేడ దూలాల కొసలు గోడలో కూర్చుని ఉంటాయి. దూలం గోడలోకి దిగే చోట సన్నని స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కి చూడండి. గదిలోకి కనిపించే భాగం ఇనుములా ఉన్న చెస్ట్‌నట్ దూలం కూడా కొసన మెత్తగా, తడిసిన అట్టలా దిగిపోతే, కింద సిమెంట్ పూత ఉందో లేదో అడగనక్కర్లేదు. నా లెక్కలో సిమెంట్ చేసే అసలు నష్టం ఇది. ఊడిన పెచ్చులను మళ్లీ వేసుకోవచ్చు. కొస కుళ్లిన దూలాన్ని మార్చాలంటే మేడ నేలంతా విప్పాలి.

మిగతా నష్టాలు తర్వాతివి. ఎండకు, చలికి, చిన్నచిన్న ప్రకంపనలకు పాత గోడ కదులుతుంది, బిగుసుకున్న సిమెంట్ కదలదు, వెంట్రుక పగుళ్లు వస్తాయి. వాన వాటిలోంచి లోపలికి పోతుంది గానీ బయటికి రాదు. పాత పనిలో జిప్సం కలిసి ఉంటే సిమెంట్ దానితో తడిలో చర్య జరిపి ఉబ్బుతుంది, పూత పలకలు పలకలుగా గోడను వదిలేస్తుంది. సుత్తి పిడితో తట్టితే డొల్ల శబ్దం వస్తుంది.

సిమెంట్ పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. చవక, ఏ మేస్త్రీకైనా చేతనవుతుంది, 28 రోజుల్లో పూర్తి బలానికి వస్తుంది. కొత్త బ్లాకు గోడలకు, నేల పలకకు, సెప్టిక్ ట్యాంకుకు, విడిగా కట్టే మట్టి ఆపుడు గోడకు సిమెంటే వాడండి. అయితే సిమెంట్ వాదులు ముందుకు తెచ్చే పెద్ద కారణం భూకంపం. దాన్ని కొంచెం ఆగి చూడాలి. 1979లో ఉంబ్రియాలోని వల్నెరీనా లోయలో వచ్చిన భూకంపం తర్వాత ఆ ప్రాంతంలో చాలా రాతి ఇళ్లకు పాత చెక్క కప్పు తీసి కాంక్రీటు కప్పులు వేశారు, గోడలకు ఇనుప జాలీతో సిమెంట్ పూత కొట్టారు. 1997లో ఉంబ్రియా, మార్కేలను కుదిపిన భూకంపంలో అలా బలపరిచిన ఇళ్లు కూడా దారుణంగా దెబ్బతిన్నాయి. బరువైన గట్టి కప్పు ఒక్క ముద్దగా ఊగితే కింద మట్టి పొట్ట ఉన్న గోడ రెండు వరసలుగా విడిపోయింది. జాలీ కూడా రెండు వైపులా సరిగా కట్టి ఉండనిచోట పని చేయలేదు, చెమ్మ ఉన్నచోట తుప్పు పట్టింది. ఇప్పుడు అదే పనికి గాజునార జాలీ, సహజ హైడ్రాలిక్ సున్నపు మిశ్రమం, గోడను అడ్డంగా కుట్టే కడ్డీలు వాడుతున్నారు. ఇది నిర్మాణ ఇంజనీరు లెక్కవేసి, అనుమతితో చేయాల్సిన పని. మేస్త్రీ ఊహతో చేసేది కాదు.

కాబట్టి సున్నం. కానీ ఏ సున్నం? నిజమైన పోటీ ఇక్కడే.

ఒకటి గాలి సున్నం. దాన్ని నీళ్లలో ఊరబెట్టిన ముద్దను గ్రాస్సెల్లో అంటారు. గాలిలోని కార్బన్ డయాక్సైడు తీసుకుంటేనే గట్టిపడుతుంది, అదీ నెలకు మిల్లీమీటరు చొప్పున అనుకోండి. చెమ్మగోడ మీద మందంగా వేస్తే నెలల తరబడి మెత్తగానే ఉంటుంది, మొదటి మంచుకే రాలిపోతుంది. అందుకే దానిలో పొజ్జొలానా అనే అగ్నిపర్వతపు బూడిదో, కొచ్చోపెస్తో అనే ఇటుక పొడో కలుపుతారు. మన పాత కోటల సున్నంలో సుర్ఖీ చేసిన పని అదే.

రెండోది సహజ హైడ్రాలిక్ సున్నం, ఎన్‌హెచ్‌ఎల్. బంకమట్టి పాలున్న సున్నపురాయిని కాల్చి చేస్తారు, కొంత నీటితోనే గట్టిపడుతుంది. 2, 3.5, 5 అని మూడు రకాలు. 28 రోజులకు నలిపే ఒత్తిడిని తట్టుకునే ఎన్‌హెచ్‌ఎల్ 3.5 బలం 3.5 నుంచి 10 మెగాపాస్కల్స్. మామూలు సిమెంట్ 32.5 నుంచి మొదలవుతుంది. మెత్తని ఇసుకరాయి గోడకు ఎన్‌హెచ్‌ఎల్ 2 చాలు.

నా మొగ్గు దాచను. కింది అంతస్తుకు ఎన్‌హెచ్‌ఎల్ 3.5, మేడ గదుల లోపలికీ అన్నిచోట్లా చివరి సన్నపూతకూ గ్రాస్సెల్లో. ఎన్‌హెచ్‌ఎల్ 5 వానదెబ్బ నేరుగా తగిలే గోడ తలలకు, బయటి నేలలకు మాత్రమే.

కొనేటప్పుడు ఒక మోసం ఉంది. దుకాణంలో 'కాల్చె ఇద్రావులికా' అని అడిగితే చేతికొచ్చే చవక బస్తా చాలాసార్లు హెచ్‌ఎల్ రకం. అందులో సిమెంట్ కలిసి ఉండొచ్చు, నియమాల ప్రకారం అది తప్పు కాదు. బస్తా మీద యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 459-1తో పాటు ఎన్‌హెచ్‌ఎల్ అన్న మూడు అక్షరాలు ఉన్నాయేమో చూడండి. తయారు మిశ్రమాలకూ ఇదే జాగ్రత్త: 'బియో' (సహజమైనది) అని పెద్ద అక్షరాలుంటాయి, వెనక వివరాల్లో సిమెంట్ ఉంటుంది. సున్నం, సిమెంట్ సగం సగం కలుపుదామనే మేస్త్రీకి కూడా వద్దనే చెప్పండి.

లెక్క ఇలా వేసుకోండి. 10 చదరపు మీటర్లకు 2 సెం.మీ. మందమంటే 200 లీటర్ల మిశ్రమం. సున్నం, ఇసుక 1:2.5 పాళ్లలో ఇసుక సుమారు 200 లీటర్లు, దాని సందుల్లో ఇమిడిపోయే సున్నం 80 లీటర్లు, అంటే 25 కిలోల బస్తాలు రెండు పైచిలుకు. రాతిగోడ మిట్టపల్లాల వల్ల సగటు మందం మూడు, నాలుగు సెంటీమీటర్లకు పోతుంది, కాబట్టి రెట్టింపు తెప్పించండి. సున్నం బస్తా సిమెంట్ బస్తా కంటే రెండింతలు పైనే ఉంటుంది. అయినా అసలు ఖర్చు కూలిలో ఉంటుంది, బస్తాలో కాదు.

పని చెమ్మ గీతకు మీటరు పై దాకా పాత సిమెంట్ తీయడంతో మొదలవుతుంది. ఉలి, చేతి సుత్తి చాలు. పెద్ద బ్రేకర్ పెడితే రాళ్లు వదులై మధ్యలోని పొట్ట జారుతుంది. సందులను మూడు, నాలుగు సెంటీమీటర్ల లోతు గీకి, పైకి తేలిన తెల్లటి ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి ఇంటి బయట పారేయండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. గోడను ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఒక ఎండాకాలమంతా నగ్నంగా వదిలేయగలిగితే మంచిది. 60 సెం.మీ. గోడ అంతటితో పూర్తిగా ఆరదు, కానీ ఉప్పు చాలావరకు బయటికొస్తుంది.

తర్వాత పల్లాల్లో రాతిముక్కలు, పెంకుముక్కలు సున్నంతో కూర్చి, మొదటి చిమ్ముపూత రింజాఫ్ఫో వేయాలి: గరుకు ఇసుక, 1:2 పాళ్లు, ఐదు మిల్లీమీటర్లు, తాపీతో విసరడమే గానీ చదును చేయకూడదు. దాని మీద అసలు మందపు పూత అర్రిచ్చో, ఒక్కో పొర 15 మి.మీ. మించకుండా, పొరకూ పొరకూ మధ్య మిల్లీమీటరుకు ఒక రోజు చొప్పున ఆగి. చివర మూడు మిల్లీమీటర్ల సన్నపూత. కింద నేలకు ఆనకుండా రెండు, మూడు సెంటీమీటర్లు ఎడం వదిలి ఆ సందును అడుగు పట్టీతో కప్పండి. పూత నేలను తాకితే అక్కడి నుంచే నీరు పీలుస్తుంది.

సున్నంపని చెడేది ఎక్కువగా నీళ్ల దగ్గరే. ముందురోజు సాయంత్రం, మళ్లీ పూతకు ముందు గోడ తడపాలి, పైన నీళ్లు నిలిచి మెరవకూడదు. వేశాక నాలుగైదు రోజులు పొద్దునా సాయంత్రమూ మంచులా పిచికారీ చేయాలి, ఎండ పడే వైపు గోనెపట్టా కట్టాలి. జులై గాలికి పూత గట్టిపడకముందే ఆరిపోతే వేలితో రాస్తే పొడి రాలుతుంది. దాన్ని తీసేయడం తప్ప బాగుచేసే మార్గం లేదు. 5 డిగ్రీల కంటే చలిలో అసలు మొదలుపెట్టకండి. ఆ కొండల్లో మే, జూన్, మళ్లీ సెప్టెంబరు పని రోజులు.

ఒకప్పుడు పశువులు ఉన్న గది అయితే పైన చెప్పిందంతా సరిపోదు. పంటలో సగం భూస్వామికిచ్చే పాలు సాగు కాలంలో ఈ ఇళ్ల కింది భాగమంతా పశువుల కొట్టమే, కుటుంబం మేడ మీద ఉండేది. 1964 చట్టం కొత్త పాలు ఒప్పందాలను నిషేధించేనాటికే చాలామంది పట్నాలకు వెళ్లిపోయారు. పశువులు పోయినా వాటి మూత్రం, పేడ గోడలో నింపిన నైట్రేట్లు అలాగే ఉన్నాయి. ఇవి సూరేకారం జాతి లవణాలు. వీటిలో కాల్షియం నైట్రేట్ లాంటిది గాలిలో తేమ సగం దాటితే చాలు నీటిని లాక్కుని కరుగుతుంది. నేల నుంచి వచ్చే నీటిని మొత్తం ఆపినా ఈ గోడ గాలి నుంచే తడుస్తుంది. కొనుగోలు ముందు గోడ పొడిని స్వేదనజలంలో కలిపి నైట్రేట్ పరీక్ష పట్టీ ముంచి చూడండి. రెండు సూదుల తేమ మీటరును ఇక్కడ నమ్మకండి, అది ఉప్పును కూడా నీరుగానే చదువుతుంది. గోడ నుంచి తీసిన ముక్కతో చేసే కార్బైడ్ పరీక్ష నయం.

ఇలాంటి గోడకు మొదట బలిపూత వేయాలి: గాలి సున్నం, ఇసుక 1:4, బలహీనంగా, కావాలనే. ఏడాది పాటు ఉప్పును తనలోకి పీల్చుకుని పొడిపొడి అవుతుంది. దాన్ని గీకి పారేసి, మళ్లీ పట్టీ ముంచి చూడాలి. రంగు బాగా తగ్గాకే ఎన్‌హెచ్‌ఎల్ పూత. అప్పటిదాకా ఆ గదిని కట్టెలకో, సామానుకో వాడుకోండి.

మిగతా మార్గాలు క్లుప్తంగా. గోడకు రంధ్రాలు చేసి మందు ఎక్కించడం ఇటుక గోడకు పనికొస్తుంది, మధ్యలో ఖాళీలున్న రాతిగోడలో ఆ మందు ఎటో పోతుంది. పెద్ద రంధ్రాల చెమ్మనివారక పూతలు ఉప్పును దాచుకుంటాయి, నిండాక మళ్లీ వేయాలి. జిప్సం బోర్డు కట్టడం రోగాన్ని కప్పడమే. చెమ్మను పోగొడతాయని అమ్మే విద్యుత్ పెట్టెల మీద డబ్బు పెట్టకండి. రాయి కనిపించేలా వదలడం అందంగానే ఉంటుంది, గది చల్లగా ఉంటుంది, సందులు మాత్రం సున్నంతోనే నింపండి.

పూత కంటే ముందు బయటి నీటిని మళ్లించాలి. కొండ వైపు గోడకు మీటరు దూరంలో కందకం, అందులో రంధ్రాల గొట్టం, చుట్టూ కంకర, జియోటెక్స్‌టైల్ గుడ్డ, నూటికి ఒక వాలు. పునాది అడుగు కంటే లోతుకు తవ్వకండి. నేలకు ఇగ్లూ ఆకారపు ప్లాస్టిక్ డొప్పల మీద వెస్పాయో (కింద గాలి ఆడే ఖాళీ ఉన్న నేల) వేస్తే గాలి గొట్టాలు ఉత్తరం, దక్షిణం రెండు వైపులకూ పెట్టాలి. ఒక వైపే పెడితే గాలి కదలదు.

చివరి పొర మీద సున్నపు పాలు గానీ, సిలికేట్ రంగు గానీ మాత్రమే. కడిగినా పోని ప్లాస్టిక్ రంగు ఒక్క చేయి వేసినా గోడకు మళ్లీ ఊపిరి ఆగుతుంది. పెయింటర్‌ను పిలిచే ముందే ఆ డబ్బా ఏదో మీరే కొని తెచ్చి పెట్టుకోండి.