విల్లీ-నిల్లీ, పర్‌ఫోర్స్, ఫెయిన్: ఎక్కడ ఏది మేలు?

మా చెల్లెలి కూతురు డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతోంది. మొన్న దాని గైడు తిరగేస్తుంటే విల్లీ-నిల్లీకి, పర్‌ఫోర్స్‌కి, నోలెన్స్ వోలెన్స్‌కి మూడింటికీ ఒకటే అర్థం కనిపించింది: ‘ఇష్టం లేకుండా’. ఫెయిన్‌కి ‘సంతోషంగా’ అని ఒక్క మాట ఇచ్చి వదిలేశారు. నాకు నిజంగా బాధేసింది. ఒక మనిషి ఆ పని కోరి చేశాడా, తప్పక చేశాడా, అసలు వాడి మనసుతో సంబంధమే లేకుండా జరిగిపోయిందా అని చెప్పడానికే ఈ పాత మాటలు ఉన్నాయి. ఆ తేడా చెరిపేస్తే ఇక పాత నాటకం, పాత కథ చదివి ఏం లాభం?

ముందు విల్లీ-నిల్లీ. ఇందులో విల్ అందరికీ తెలుసు, నిల్ అనేది చచ్చిపోయిన క్రియ. విల్ ముందు పాత ఇంగ్లీషు వ్యతిరేక పదం ‘నె’ చేరి నిల్ అయింది, అంటే ‘ఒల్లను’ అని. మన పాత పద్యాల్లో ఒల్లను, ఒల్లడు అని ఉంటుందే, సరిగ్గా అదే పని చేసే మాట. కాబట్టి విల్లీ-నిల్లీ అంటే ‘ఇష్టం లేకుండా’ కాదు, ‘ఇష్టమున్నా లేకున్నా’. ఈ రెంటికీ చాలా దూరం ఉంది. మొదటిదాంట్లో మనసు వద్దంటోంది, రెండోదాంట్లో మనసు ఏమంటోందో ఎవరూ అడగడం లేదు.

షేక్స్‌పియర్ ‘హామ్లెట్’ ఐదో అంకం మొదట్లో సమాధి తవ్వేవాళ్లు ఇద్దరు నీళ్లలో మునిగి చనిపోయిన ఒఫీలియా గురించి వాదించుకుంటారు. మనిషే నీళ్ల దగ్గరికి వెళ్లి మునిగితే, ‘విల్ హీ, నిల్ హీ’, వాడే వెళ్లినట్టు. నీళ్లే వాడి దగ్గరికి వచ్చి ముంచితే, వాడు తనంతట తాను మునిగినట్టు కాదు, అంటాడు ఒకడు. అక్కడ ‘ఇష్టం లేకుండా’ అని అర్థం పెట్టుకుంటే ఆ తర్కమంతా కూలిపోతుంది.

కానీ ఈ మాటతో ఇవాళ ఒక చిక్కుంది. ఇప్పుడు చాలామంది దీన్ని ‘ఎడాపెడా’, ‘ఒక పద్ధతీ పాడూ లేకుండా’ అనే అర్థంలో వాడుతున్నారు, నిఘంటువులు కూడా ఆ అర్థం ఇస్తున్నాయి. ఇది ఎలా మారిందా అని వింతపడక్కర్లేదు, మనకీ ‘ఇష్టమున్నా లేకున్నా’ ఒక చివర, ‘ఇష్టమొచ్చినట్టు’ ఇంకో చివర ఉన్నాయి, రెండింట్లోనూ ఉన్నది ఇష్టమే. అందుకే నా మాట ఏంటంటే, పాత పుస్తకంలో విల్లీ-నిల్లీ కనిపిస్తే మొదటి అర్థం ముందు పెట్టి చూడండి, మీరు సొంతంగా రాసేటప్పుడు మాత్రం వాడకండి. ‘డబ్బు విల్లీ-నిల్లీ ఖర్చయింది’ అని రాస్తే తప్పక ఖర్చయిందని మీరనుకుంటారు, దుబారా చేశారని చదివేవాళ్లు అనుకుంటారు.

రాయడానికైతే పర్‌ఫోర్స్ మేలు, నాకు ఇందులో అనుమానమే లేదు. పాత ఫ్రెంచిలో ‘బలవంతాన’ అనే మాట నుంచి వచ్చింది. మనం రోజూ ‘వాళ్లు ఫోర్స్ చేశారు’ అంటాం కాబట్టి ఎవరో ఒకరు మెడ మీద కత్తి పెట్టి ఉండాలని పిల్లలు అనుకుంటారు. అక్కర్లేదు. ఇప్పటి వాడుకలో ఎక్కువగా బలవంతం చేసేది పరిస్థితే. ఆఖరి బస్సు వెళ్లిపోయింది, పర్‌ఫోర్స్ నడిచాడు. తెలుగులో దీనికి ‘విధిలేక’ సరిపోతుంది, ఇంకా దగ్గరగా కావాలంటే ‘చచ్చినట్టు నడిచాడు’.

నోలెన్స్ వోలెన్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లాటిన్ మాట, అర్థం విల్లీ-నిల్లీ పాత అర్థమే, కాకపోతే ఇందులో ‘ఒల్లక’ ముందు, ‘ఇష్టపడి’ తర్వాత వస్తాయి. కనిపిస్తే గుర్తుపడితే చాలు.

ఫెయిన్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. దీని పుట్టుక సంతోషంలోనే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, లూకా 15వ అధ్యాయంలో, తప్పిపోయిన కుమారుడు పందులు తినే పొట్టుతో కడుపు నింపుకోవాలనుకున్నచోట ‘వుడ్ ఫెయిన్’ అని ఉంది. తెలుగు బైబిల్లో అక్కడ ‘ఆశపడెను’ అని వేశారు, ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి, ‘సంతోషంగా’ అని వేసి ఉంటే ఆ ఆకలి మనకి తెలిసేది కాదు. ఇక ‘వాజ్ ఫెయిన్ టు’ అని వస్తే ఇంకో మెలిక. సత్రంలో గది దొరకని బాటసారి పశువుల కొట్టంలో పడుకోవడానికి ‘వాజ్ ఫెయిన్’ అంటే, సంబరపడ్డాడని కాదు, అదే మహాభాగ్యం అనుకుని సర్దుకున్నాడని. సంతోషం అనే మాటే మెల్లగా తప్పనిసరి వైపు జరిగిపోయింది! మనసుకు ఇంత దగ్గరగా వెళ్లే మాట ఈ గుంపులో ఇంకోటి లేదు, చదవడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే. రాయడానికి మాత్రం మరీ పాతబడింది, పైగా ‘నటించడం’ అనే అర్థమున్న ఇంకో మాట పలకడానికి అచ్చం ఇలాగే ఉంటుంది.

‘మనసొప్పక’ అని చెప్పాలంటే లోథ్ (loath) ఉంది, ఇది ఇంకా బతికే ఉంది కాబట్టి ధైర్యంగా వాడొచ్చు. చివర ‘e’ అక్షరం చేరితే లోద్ అయి ‘అసహ్యించుకోవడం’ అయిపోతుంది, ఆ ఒక్కటి చూసుకోవాలి.

“పెద్దమ్మా, మరి పరీక్షలో గైడులోది రాయాలా, నువ్వు చెప్పింది రాయాలా?” అంది అది. పెన్సిల్ తీసుకుని ‘ఇష్టం లేకుండా’ అన్నది మూడుచోట్లా కొట్టేసి, విల్లీ-నిల్లీ పక్కన ‘ఇష్టమున్నా లేకున్నా’ అని, పర్‌ఫోర్స్ పక్కన ‘విధిలేక’ అని రాసిచ్చాను. ఫెయిన్ పక్కన చోటు చాలక మార్జిన్‌లో రెండు వరుసలు పట్టింది.